మూడు షికానెలు, ఒక కప్ప

శనివారం ఉదయం ఎనిమిదింటికి రోస్విటా పెట్టె సర్దుకుని కాసెల్‌లోని అక్కగారింటికి బయలుదేరింది. మళ్ళీ బుధవారం గాని రాదు. రైలు కదిలేదాకా ఆమె భర్త హార్ట్‌ముట్ వెస్లింగ్ ప్లాట్‌ఫారం మీద నిలబడి బుద్ధిగా చెయ్యి ఊపాడు. రైలు మలుపు తిరిగి కనుమరుగయ్యాక చెయ్యి దించి, అటూ ఇటూ చూసి, తోట సామాన్ల దుకాణం వైపు దాదాపు పరుగు లంకించుకున్నాడు. అరవై ఒకటో ఏట మనిషి వీధిలో పరుగెత్తడం హుందాగా ఉండదని అతని అభిప్రాయం. అందుకని దాదాపు.

నాలుగు రోజుల్లో ఇంటి వెనక తోటలో రిమోట్ కార్ల రేసు బాట తయారైపోవాలి. ఇదీ పథకం. బుధవారం రోస్విటా వచ్చి చూసేసరికి బాట ఉంటుంది. పెడతానంటే వద్దంటుందేమో గాని, పెట్టేశాక పీకెయ్యమనే మనిషి కాదు. ఆ ఒక్క ధైర్యంతోనే అతను సోమ, మంగళవారాలు సెలవు పెట్టాడు.

కారు కొని మూడేళ్ళయింది. అడుగు పొడవుంటుంది, బ్యాటరీతో నడుస్తుంది, చప్పుడు చెయ్యదు. నేలమాళిగలో ‘పన్ను కాగితాలు 1998–2004’ అని రాసిన అట్టపెట్టెలో దాక్కుని ఉంటుంది. రోస్విటా చర్చి బృందంతో పాటలు సాధన చెయ్యడానికి వెళ్ళే మంగళవారాల్లో మాత్రం బయటికి వచ్చి, బంగాళాదుంపల బస్తాకీ బట్టల మిషనుకీ మధ్య చక్కర్లు కొడుతుంది. ఇంత దొంగతనం దేనికంటే, అందుకో పాత కథ ఉంది. ఆ కథ గుర్తొచ్చినప్పుడల్లా హార్ట్‌ముట్‌కు చెవులు వేడెక్కుతాయి.

హార్ట్‌ముట్ కొలతల శాఖలో ఉద్యోగి. దానికి తోడు పదేళ్ళుగా ఆ వార్డుకి మధ్యవర్తి. ఇరుగుపొరుగులు కొట్టుకు చావకుండా, కోర్టుకెక్కకుండా, తన ఇంట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి రాజీ చేయించే గౌరవ పదవి అది. పురపాలక సభ వాళ్ళు ఎన్నుకుంటారు. అయిదేళ్ళ క్రితం ఎడమ పక్కింటి గుడ్రున్ టెపె, కుడి పక్కింటి ఎవాల్ట్ కోల్‌బెక్ మీద ఫిర్యాదు పెట్టింది. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన కోల్‌బెక్ తన తోటలో పెట్రోలు రిమోట్ కారు నడుపుతున్నాడనీ, అది మిక్సీలో కొబ్బరి వేసినట్టు గోల చేస్తోందనీ ఆవిడ బాధ. మధ్యలో ఇల్లు హార్ట్‌ముట్‌దే కాబట్టి ఆ గోల అతనికీ తెలుసు. మామూలుగా అయితే చప్పుడు గురించి మాట్లాడి ఊరుకోవాలి. అతను ఊరుకోలేదు. టై సర్దుకుని, “కోల్‌బెక్ గారూ, ప్రతి వయసుకీ ఒక హుందాతనం ఉంటుంది. జుట్టు నెరిశాక బొమ్మకారుతో ఆడుకుంటే చూసేవాళ్ళకి నవ్వులాట కదా!” అన్నాడు. కోల్‌బెక్ మారుమాట్లాడకుండా కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. సాక్ష్యంగా తెచ్చిన ఆ కారూ రిమోటూ బల్ల మీద ఉన్న పావుగంటలో హార్ట్‌ముట్ రిమోట్ చక్రాన్ని రెండుసార్లు, ఎవరూ చూడకుండా, తిప్పి చూశాడు. ఆ రెండుసార్లే కొంప ముంచాయి. రెండేళ్ళు ఓర్చుకుని మూడో ఏడు తనూ ఒకటి కొనుక్కున్నాడు.

అంచేత ఈ సంగతి లోకంలో ఎవరికి తెలిసినా ఫరవాలేదు గాని కోల్‌బెక్‌కి తెలియకూడదు. తోటకి రెండు పక్కలా మనిషెత్తు మొక్కల కంచె ఉంది, కారు చప్పుడు చెయ్యదు, తెలిసే మార్గం లేదు. పైగా వచ్చే గురువారమే సభ. మరో అయిదేళ్ళకి మధ్యవర్తిగా అతని పేరే పెట్టబోతున్నారు. ఈ సమయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

బాట నమూనా అతను ఆఫీసులో భోజనాల వేళ, గళ్ళ కాగితం మీద, ఆరు వారాలపాటు గీశాడు. కంచె పొడవునా పదకొండు మీటర్ల తిన్నని దారి. బట్టలారేసే తీగలు గొడుగులా విచ్చుకునే స్తంభం చుట్టూ జడపిన్నులాంటి మలుపు. గులాబీల వెనక చిన్న సొరంగం. మూడు చోట్ల షికానెలు. కారు తిన్నగా దూసుకుపోకుండా కుడికీ ఎడమకీ గబగబా తిప్పాల్సిన ఇరుకు మెలికని రేసుల వాళ్ళు షికానె అంటారు. మామూలు జర్మన్‌లో అదే మాటకి ఎదుటి మనిషిని పనిగట్టుకుని పెట్టే తిప్పలు అని అర్థం. రేసుల పిచ్చి లేనివాళ్ళకి ఆ రెండో అర్థమే తెలుసు. ఆరు వారాల్లో ఒక్కసారి కూడా హార్ట్‌ముట్‌కి ఆ రెండో అర్థం తట్టలేదు.

కాగితం మీద కారు అనే మాట గాని, రేసు అనే మాట గాని ఎక్కడా రాయలేదు. పొరపాటున ఎవరైనా చూస్తే అర్థం కాకూడదని.

దుకాణం నుంచి ఎనభై మీటర్ల పసుపుపచ్చ గొట్టం, నేల కింద వాన నీరు పోవడానికి వేసే గరుకు గొట్టం, చుట్ట చుట్టి తెచ్చాడు. బాటకి రెండు వైపులా అంచు కట్టడానికి అంతకంటే మంచిది లేదు. పార పట్టి గడ్డి చెక్కుతూ అరగంట అయిందో లేదో, ఎడమ కంచె మీద, స్టూలెక్కిన గుడ్రున్ టెపె తల మొలిచింది.

“ఏమిటి వెస్లింగ్ గారూ, రోస్విటా అలా వెళ్ళిందో లేదో పార పట్టేశారు?”

“అబ్బే, చిన్న పని టెపె గారూ.”

“చిన్న పనికి అంత గొట్టమా? ఏం కడుతున్నారేమిటి?”

హార్ట్‌ముట్ నోరు తెరిచాడు. చెప్పడానికి లోకంలో వెయ్యి వస్తువులున్నాయి. ఉల్లిమడి, నీటి కాలవ, కూర్చునే అరుగు. ఒక్కటీ సమయానికి రాలేదు. ఆవిడ చొక్కా మీద ప్రకృతి సంఘం బిళ్ళ కనబడింది. దాని మీద ఒక కప్ప బొమ్మ ఉంది.

“కప్పలు,” అన్నాడు.

“కప్పలా?”

“కప్పల కోసమండి. బాట. ఈ కొసనుంచి ఆ కొసకి... క్షేమంగా దాటడానికి.”

టెపె గారి ముఖం చేటంతయింది. “ఇరవై రెండేళ్ళుగా పక్కపక్కన ఉన్నాం, మీలో ఇంత జాలి ఉందని నాకు తెలీనే తెలీదు సుమండీ!” అంటూ గుండె మీద చెయ్యి వేసుకుంది. హార్ట్‌ముట్ తల దించుకుని గట్టిగా మట్టి తవ్వాడు. ఆ పొగడ్త అతనికి కొట్టినట్టే తగిలింది.

నమూనా కాగితాన్ని గాలికి ఎగరకుండా ఒక రాయి కింద పెట్టాడు. పదకొండింటికి జడపిన్ను మలుపు మధ్యబిందువు గుర్తుపెట్టడానికి రాయి కావలసి వచ్చింది. దగ్గర్లో ఉన్నది ఆ రాయే. కొలతల మనిషికి కొలత దొరికితే ఒళ్ళు తెలియదు. రాయి తీసి బిందువు మీద పెట్టుకున్నాడు, అంతా మనసులో ఉంది గనక కాగితం కోసం మళ్ళీ చూసుకోనూ లేదు. అది అప్పటికే ఎడమ కంచె దాటి టెపె గారి ముల్లంగి మడిలో వాలింది.

మధ్యాహ్నం భోజనం చేస్తూ వంటింటి కిటికీలోంచి చూస్తే, వీధి గేటు దగ్గర గుడ్రున్ టెపె, ఎవాల్ట్ కోల్‌బెక్ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. అయిదేళ్ళుగా ముఖాలు చూసుకోని మనుషులు! ఆవిడ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, ఆయన ఒక కాగితాన్ని దూరంగా పట్టుకుని చదువుతున్నాడు. హార్ట్‌ముట్ గుండె పొంగిపోయింది. తను చేయించిన రాజీ ఆలస్యంగానైనా ఫలించిందన్నమాట. కిటికీలోంచి ఆప్యాయంగా చెయ్యి ఊపాడు. ఇద్దరూ ఒక్కసారి తలెత్తి చూసి, చెరో వైపు వెళ్ళిపోయారు.

‘పాపం, మాటల్లో పడి గమనించలేదు,’ అనుకుని సాసేజి ముక్కకి ఆవముద్ద రాసుకున్నాడు.

ఆదివారం ఆ ఊళ్ళో అందరికీ విశ్రాంతి రోజు, పార పట్టకూడదు. పట్టాడంటే వీధి వీధంతా కర్టెన్లు కదులుతాయి. అందుకని అతను తన బాటని కాళ్ళతోనే పరీక్షించాడు. రెండు చేతులూ పొట్ట ముందు పెట్టి, కంటికి కనబడని రిమోటు పట్టుకుని, తిన్నని దారిలో గబగబా నడిచి, షికానె దగ్గర కుడికి ఒరిగి, ఎడమకి ఒరిగి, గొడుగు చుట్టూ తిరిగి, “ఊఁ... ఊఁ...” అని నోటితో చిన్నగా శబ్దం చేస్తూ మూడు చుట్లు వేశాడు. నాలుగో చుట్టులో కంచె మీద టెపె గారి కళ్ళు కనిపించాయి. ఎంతసేపటినుంచి ఉన్నాయో తెలియదు. ఈసారి కంచె పైన ముఖంలో మెచ్చుకోలు లేదు.

“వెస్లింగ్ గారూ, ఒక్క మాట. కప్పల బాటకి ఇన్ని మెలికలెందుకండీ? కప్ప తిన్నగా పోలేదా?”

తను ఆరు వారాలు కష్టపడి వేసిన మెలికలని ఎవరైనా ఎందుకన్నారంటే అతను తట్టుకోలేడు. “మెలికలే ముఖ్యమండీ! అవి... అవి పిల్లుల కోసం. కప్ప వెంట పిల్లి వేగంగా వస్తుంది కదా, మెలిక దగ్గరికి రాగానే బోర్లా పడుతుంది.”

“పిల్లి బోర్లా పడుతుంది.”

“పడాలి మరి! దానికోసమే పెట్టింది.”

టెపె గారి తల కిందికి దిగిపోయింది. కంచె అవతల చెప్పుల చప్పుడు, తర్వాత వంటింటి తలుపు గట్టిగా మూసుకున్న చప్పుడు. ఆ వీధి మొత్తానికి ఉన్నది ఒకే పిల్లి అనీ, దాని పేరు మోర్లె అనీ, పదమూడేళ్ళ ఆ ముసలిదాన్ని టెపె గారు చెంచాతో తినిపిస్తారనీ అప్పుడు గుర్తొచ్చింది హార్ట్‌ముట్‌కి.

సోమవారం ఉదయం ఫోను మోగింది. పక్క వార్డు మధ్యవర్తి ఆన్నెగ్రెట్ ల్యూడెకింగ్. ఆవిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. ఇప్పటికీ మాట లెక్క తప్పినవాడి వైపు చూస్తున్నట్టే ఉంటుంది.

“వెస్లింగ్ గారూ, ఈసారి మీ మీదే ఫిర్యాదు వచ్చింది. ఎవరి తగువు వాళ్ళే తీర్చుకోకూడదు కాబట్టి నా దగ్గరికి వచ్చింది.”

“నా మీదా? ఎవరండీ?”

“ఇద్దరు. కుడీ ఎడమా. మీ చేతిరాత కాగితమే సాక్ష్యం. చదవమన్నారా?”

చదివింది. “షికానె ఒకటి, టెపె కంచె పక్కనే. పదునుగా ఉండాలి. షికానె రెండు, కోల్‌బెక్ వైపు. బాగా ఇరుకున పెట్టాలి. ఇక్కడ తలకిందులైతేనే మజా. షికానె మూడు, రో. గులాబీల దగ్గర. రో. వచ్చేలోపు అయిపోవాలి. మొదట మెల్లగా, అలవాటయ్యాక జోరు పెంచాలి. రోజూ సాయంత్రం గంటసేపు.” కాగితం మడతపెట్టిన చప్పుడైంది. “రో. అంటే మీ ఆవిడేనా?”

హార్ట్‌ముట్‌కి ఒళ్ళంతా చల్లబడి, చెవులు మాత్రం కాలిపోయాయి. ఇంతసేపటికి, ఆరు వారాల మూడు రోజుల తర్వాత, ఆ మాటకున్న రెండో అర్థం తలుపు తట్టకుండా లోపలికి వచ్చి కూర్చుంది.

“పదేళ్ళు కలిసి పనిచేశాం,” అంది ల్యూడెకింగ్, కొంచెం మెత్తగా. “ఇది మీరు రాశారంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. వేరే అర్థమేదైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి, ఇక్కడితో చింపి పారేస్తాను.”

ఒక్క వాక్యం చాలు. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. “కోల్‌బెక్ గారు కూడా సంతకం పెట్టారా?” అని అడిగాడు.

“మొదటి సంతకం ఆయనదే.”

వాక్యం వెనక్కి వెళ్ళిపోయింది. “రేపు... రేపు వివరిస్తానండీ. అది కప్పలకి సంబంధించింది.”

“రేపు అయిదింటికి మీ ఇంట్లోనే విచారణ. స్థలం కూడా చూడాలి. గురువారం సభలోపు తేలకపోతే నేను మీ పేరు బలపరచలేను.”

అబద్ధం ఆడినవాడికి తర్వాత దాన్ని సాకే పని ఉంటుంది. కప్పల బాట అన్నాక కనీసం ఒక్క కప్ప ఉండాలి. సాయంత్రం టీ వేళ దాటాక హార్ట్‌ముట్ ఆఫీసు బూట్లు వేసుకుని, బక్కెట్టు పట్టుకుని కాలవ గట్టుకి వెళ్ళాడు. పదేళ్ళుగా వార్డు ప్రజలు టోపీ ఎత్తి పలకరించే మనిషి రెల్లుగడ్డిలో మోకాళ్ళ మీద పాకుతూ, “రావే తల్లీ, రావే,” అని బతిమాలుతున్నాడు. సైకిలు మీద పోతున్న దంపతులెవరో ఆగి, చూసి, ఏమీ అడగకుండా తొక్కుకుపోయారు. గంట తర్వాత అరచేతి వెడల్పున్న ఒక బొబ్బల కప్ప చిక్కింది. తెచ్చి గులాబీల వెనక సొరంగంలో పెడితే అది రెండడుగులు వేసి, మధ్యలో స్థిరపడి, పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టు కళ్ళు మూసుకుంది.

మంగళవారం అయిదింటికి అందరూ వచ్చారు. అందరి కంటే ముందు రోస్విటా వచ్చింది. టెపె గారు ఫోను చేశారట. కోటు కూడా విప్పకుండా బల్ల చివర కూర్చుని, “రో. గులాబీల దగ్గర ఏం చెయ్యబోతున్నావయ్యా నన్ను?” అని ఒక్కటే అడిగింది. హార్ట్‌ముట్ కాఫీ కలుపుతున్నట్టు నటించాడు. కోల్‌బెక్ కుర్చీలో చేతులు కట్టుకుని, రాయిలా కూర్చున్నాడు. ఆయన వైపు చూడడం హార్ట్‌ముట్‌కి చేతకాలేదు.

ముందు స్థలం చూశారు. పసుపు గొట్టాలు, చదునైన మట్టి, మలుపులు. ల్యూడెకింగ్ వంగి సొరంగంలోకి టార్చి వేసింది.

“కప్ప ఉంది.”

“ఉంటుంది కదండీ. కప్పల బాట,” అన్నాడు హార్ట్‌ముట్, ఎక్కడో చిన్న ఆశతో.

“తనంతట తనే వచ్చిందా?”

“తనే.”

“మరి ఈ బక్కెట్టులో కాలవ నాచు ఎందుకుంది?” అంది టెపె గారు, బక్కెట్టు అందరికీ చూపిస్తూ. “కప్పని పట్టడం చట్టరీత్యా నేరం, తెలుసా మీకు? ముందు మనుషులు, తర్వాత పిల్లి, ఇప్పుడు నోరులేని కప్ప! రోస్విటా, నువ్వెలా కాపురం చేస్తున్నావమ్మా?”

మళ్ళీ లోపల కూర్చున్నారు. ల్యూడెకింగ్ చక్కటి చేతిరాతతో రాజీపత్రం రాసి అతని ముందుకి జరిపింది. ‘ఇరుగుపొరుగు వారిని తిప్పలు పెట్టడానికి నేను పథకం వేసిన మాట నిజం. అందుకు విచారిస్తున్నాను. ఇకమీదట అలా చెయ్యను.’ కింద సంతకానికి గీత.

“ఇది పెడితే గురువారం సంగతి మర్చిపోండి,” అంది ల్యూడెకింగ్. “పెట్టకపోతే మాత్రం అసలు ఆ బాట దేనికో చెప్పాలి.”

హార్ట్‌ముట్ రెండిటినీ తూచాడు. ఒక వైపు వేధింపులవాడన్న పేరు, పోయిన పదవి, టెపె గారి అసహ్యం, రోస్విటా చూపు. రెండో వైపు, కోల్‌బెక్ ఎదట, ఇదే బల్ల మీద, బొమ్మకారు. చెప్పుకుంటే సిగ్గుచేటు గాని అతను ఎక్కువసేపు తూచలేదు. కలం తీసుకున్నాడు. ‘హా’ అని మొదటి అక్షరం రాశాడు.

“వెస్లింగ్ గారూ,” అన్నాడు కోల్‌బెక్. వచ్చిన దగ్గర్నుంచీ అదే ఆయన మొదటి మాట. “రెండో షికానె వెడల్పు ఎంత పెట్టారు?”

“నలభై సెంటీమీటర్లు,” అన్నాడు హార్ట్‌ముట్, అలవాటుగా.

“చాలదు. అడుగు బండి అందులో తిరగదు. అరవై ఉండాలి. పైగా మీరు నిలబడే చోటునుంచి అది కనబడదు. వాన నీటి పీపా అడ్డం.”

కలం కాగితం మీద ఆగిపోయింది. హార్ట్‌ముట్ మెల్లగా తలెత్తి, నాలుగు రోజుల్లో మొదటిసారి, కోల్‌బెక్ కళ్ళలోకి చూశాడు. ఆ కళ్ళకి మొత్తం తెలుసు.

అతను లేచి నేలమాళిగలోకి వెళ్ళాడు. పన్ను కాగితాల పెట్టె తెచ్చి, మూత తీసి, ఎర్ర కారుని బల్ల మధ్యలో, కేకు పక్కన పెట్టాడు. దాని చక్రాలు కూడా శుభ్రంగా తుడిచి ఉన్నాయి. అది మరీ సిగ్గనిపించింది.

“ఇదండీ,” అన్నాడు. “కప్పలూ లేవు, పిల్లులూ లేవు. ఇది నడుపుకోడానికి. షికానె అంటే మెలిక, అంతే. కోల్‌బెక్ గారూ, ఆ రోజు మీతో ఒక మాట అన్నాను. అప్పుడే మీ రిమోటు రెండుసార్లు తిప్పి చూశాను. మిమ్మల్ని నవ్వులపాలు చేసి, మీ ఆటే నేను దొంగగా ఆడుకుంటున్నాను మూడేళ్ళుగా. మీ ముఖం చూడలేకపోయాను. మన్నించండి.”

మొదట తేరుకుంది టెపె గారు.

“మెలికా? అయితే మీకు మొదటినుంచీ తెలుసన్నమాట కోల్‌బెక్ గారూ! శనివారం నేను కాగితం చూపించినప్పుడే?”

“చూడగానే.”

“మరి నాకు చెప్పరేం?”

“మీరు అయిదేళ్ళ తర్వాత నాతో మాట్లాడుతున్నారు. మధ్యలో ఆపడం మర్యాద కాదనిపించింది.” కోల్‌బెక్ హార్ట్‌ముట్ వైపు తిరిగాడు. “ఈయన నాలుగు రోజులు ఉడకాలని కూడా ఉంది, అబద్ధమెందుకు? మొదటి సంతకం అందుకే పెట్టాను. కానీ మనిషి నిజంగా సంతకం పెట్టేస్తాడని అనుకోలేదు. నేనంటే అంత సిగ్గా మీకు?”

హార్ట్‌ముట్ తలాడించాడు. అంతకంటే చిన్నగా కూర్చోవడానికి కుర్చీలో చోటు లేదు.

“పన్ను కాగితాలు మనం ఎప్పుడో తగలబెట్టాం కదయ్యా,” అంది రోస్విటా, అప్పుడు కోటు విప్పుతూ. “మూడేళ్ళుగా ఆ పెట్టె మీద దుమ్ము నేనే దులుపుతున్నాను. మంగళవారం పాటల సాధన ఏడింటికే అయిపోతుంది. నువ్వు తీరిగ్గా ఆడుకుంటావని ఎనిమిది దాకా బేకరీలో కూర్చుంటున్నాను.”

కోల్‌బెక్ జేబులోంచి నాలుగు మడతల పాత కాగితం తీసి బల్ల మీద పరిచాడు. అయిదేళ్ళ నాటి రాజీపత్రం, హార్ట్‌ముట్ దస్తూరీ. “చాలాసార్లు చదివాను దీన్ని. ‘తన తోటలో నడపను’ అని ఉంది. పక్క తోట సంగతి లేదు. నా దగ్గరా ఇప్పుడు బ్యాటరీదే ఉంది. కిక్కురుమనదు.” ముఖం తిప్పుకుని, చెయ్యి చాపాడు. “నా పేరు ఎవాల్ట్.”

ఇరవై రెండేళ్ళు మీరు మీరనుకున్న మనిషి పేరు చెప్పి చెయ్యి చాపాడంటే ఆ ఊళ్ళో దాని అర్థం అందరికీ తెలుసు: ఇక ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చినట్టే. “హార్ట్‌ముట్,” అని ఆ చెయ్యి పట్టుకున్నాడు అతను. తన పేరు పలకడానికి అంత కష్టపడడం అదే మొదలు.

“ఆ రెండోది నువ్వు రేపే వెడల్పు చెయ్యాలి,” అన్నాడు ఎవాల్ట్, ఇక నువ్వులోకి దిగి. “ఇంకోటి, నీ వాలు తప్పు. వానొస్తే నీళ్ళన్నీ గుడ్రున్ గారి ముల్లంగిలోకి పోతాయి. కొలతల శాఖలో ఏం చేశావయ్యా ఇన్నాళ్ళూ?”

టెపె గారు మాత్రం తేలిగ్గా వదల్లేదు. ముల్లంగి సంగతి రాయమంది, మోర్లె బాట మీద నిద్రపోతే లేపకూడదని రాయమంది. అన్నిటికంటే ముఖ్యంగా సొరంగంలో కప్పని కదపడానికి వీల్లేదంది. పట్టుకు రావడం ఒక నేరమైతే పట్టుకుపోవడం రెండో నేరమట. దానికి అక్కడ నచ్చింది గనక సొరంగం దానిదే, కార్లు చుట్టూ తిరిగి పోవాలి. అంటే నాలుగో షికానె. ల్యూడెకింగ్ మొదటి కాగితం చింపి, రెండోది రాసింది. ఊరంతా చప్పుడు చెయ్యకుండా ఉండే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా కప్ప తప్ప ఎవరూ బాట మీదికి రాకూడదన్నది అందులో మొదటి షరతు. అందరూ సంతకాలు పెట్టాక టెపె గారు ఆ రిమోటు ఒకసారి ఇటివ్వమంది. ఎర్ర కారు బల్ల మీదనుంచి దూకి రోస్విటా చెప్పు కింద ఆగింది.

గురువారం సభలో ల్యూడెకింగ్ బలపరచగా హార్ట్‌ముట్‌ని మరో అయిదేళ్ళకి ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. గుమస్తా ఒక పత్రం అందించి, ప్రజలకి తెలిసేలా నోటీసు బోర్డులో అంటిస్తామని చెప్పింది. పేరు, చిరునామా, ఉద్యోగం గబగబా నింపాడు. చివరి గడిలో ‘తీరిక వేళల్లో ఆసక్తులు’ అని ఉంది. అతను కలం ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీద తను చెప్పుకున్న క్షమాపణ గుర్తొచ్చింది, ఎవాల్ట్ చాపిన చెయ్యి గుర్తొచ్చింది, రెండు చెవులూ మళ్ళీ వేడెక్కాయి. గుమస్తా గడియారం చూసుకుంది.

‘కప్పల సంరక్షణ’ అని రాసి, సంతకం పెట్టాడు.